ఒకే గడిలో నాన్న

మా చెల్లెలి మొగుడు మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఇకమీద చెప్పబోయేదంతా విన్నాక మీరు నమ్మకపోవచ్చు.

పరుపుల కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకుని అతని ఓనరు వెబ్‌సైట్ల వ్యాపారం పెట్టాడు. ఆ గదిలో మా మరిది పని. కింద పరుపు దులిపినప్పుడల్లా పైన కీబోర్డు మీద దూది పడుతుంది. ఫ్యాను ఒక్కటే, అది ఓనరు వైపే తిరిగి ఉంటుంది. మా మరిది పుల్లలా ఉంటాడు. "బాగున్నావా?" అని అడిగితే వెంటనే చెప్పడు, ఒక్క క్షణం లోపలికి చూసుకుని వచ్చి చెప్తాడు. నాలాంటి గయ్యాళికి అలాంటి మరిది దొరకడం నా అదృష్టం. ఎన్ని మాటలన్నా ఎదురు చెప్పడు, పైగా నేనన్నదాంట్లో నిజమెంతో ఆలోచిస్తాడు.

మా చెల్లికి ఇది రెండో పెళ్ళి. మొదటి భర్త, వాళ్ళకి పుట్టిన పిల్లకి ఏడాది నిండకముందే జబ్బుచేసి పోయాడు. పిల్లకి నాలుగో ఏడు నడుస్తుండగా ఇతను మా ఇంటికి మాట్లాడ్డానికి వచ్చాడు. బొమ్మ తేలేదు, బిస్కెట్ పొట్లం తేలేదు. పిల్ల సంచి జిప్పు ఊడొచ్చి దాంతో కుస్తీ పడుతోంది. ఇతను వెళ్ళి నేలమీద దాని పక్కన కూర్చుని ఆ జిప్పు సంగతి చూడ్డం మొదలుపెట్టాడు. పెద్దవాళ్ళం ఇంతమందిమి కుర్చీల్లో కూర్చుని గొంతులు సవరించుకుంటున్నామన్న ధ్యాసే లేదు. జిప్పు పట్టాలెక్కేసరికి మా చెల్లి మనసులో సరే అనేసుకుందట. కొన్నాళ్ళకే పిల్ల "నాన్నా" అని పిలవడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు.

అప్పట్నించీ బడి వదిలే వేళకి పిల్లని తీసుకెళ్ళడం ఇతని పని. ఓనరు గొణుగుతున్నా వినకుండా మెట్లు దిగి వచ్చేసేవాడు, పిల్లని ఇంట్లో దింపి మళ్ళీ దూదిలోకి పోయేవాడు. దారిపొడుగునా అది వాగుతూనే ఉంటుంది, ఇతను "ఊఁ" కొడుతూనే ఉంటాడు. ఆ బడి ఆఫీసులో పనిచేసేది నేనే కాబట్టి రోజూ కిటికీలోంచి చూసేదాన్ని. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ పిల్ల చెయ్యి గాల్లో తిరుగుతూనే ఉండేది, ఇతని తల ఊగుతూనే ఉండేది. తర్వాత వాళ్ళకి కొడుకు పుట్టాడు. వాగుడు, ఊకొట్టడం అలాగే సాగాయి.

ఒకరోజు జోరున వాన. ఒక తాతగారు ఒకేలాంటి రెండు రైన్‌కోట్లలో తప్పు రైన్‌కోటుని ఇంటికి తీసుకుపోయారు. ఇంట్లో టోపీ తీసేదాకా లోపలున్నది వేరేవాళ్ళ మనవడని తెలీలేదు. వాడేమో అప్పటికే అన్నం తినేసి, నేను రానంటే రానని మంచం కిందికి దూరాడు. మర్నాడు మా పెద్ద మేడమ్, అంటే హెడ్‌మిస్ట్రెస్ గారు, బల్ల గుద్ది మరీ చెప్పింది: ఇకమీద గేటు దగ్గర కంప్యూటర్ చెప్పినవాళ్ళతోనే పిల్లలు బయటికి వెళ్ళాలి. ఆ పని మా మరిది చేతికొచ్చింది.

అతను ఆఫీసులో నా పక్కన కూర్చుని చేస్తుంటే అడిగాను, ఎలా పనిచేస్తుందయ్యా ఇది అని.

"ముందు పెద్దవాళ్ళని సేవ్ చెయ్యాలి వదినా. తర్వాత పిల్లల్ని. ఇద్దరూ సేవ్ అయ్యాకే చుట్టరికం కలపాలి. సేవ్ కాని మనిషితో చుట్టరికం కలిపితే ఒప్పుకోదు."

"అయితే మీ అన్నయ్య, అదే మా ఆయన, ఇంకా సేవ్ కాలేదన్నమాట. మా పుట్టింటివాళ్ళు ఎవరొచ్చినా ఆయన చుట్టరికం ఒప్పుకోడు."

అతను నవ్వలేదు. అది సాధ్యమేనా అన్నట్టు కాసేపు ఆలోచించాడు. తర్వాత చెప్పాడు: వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ అనే సరంజామాలో ఓఆర్‌ఎం అని ఒకటుందట. మనం మనిషిని మనిషిగా, పిల్లని పిల్లగా రాసుకుని, ఈ పిల్లకి ఈయన అని చెప్పి సేవ్ కొడితే చాలు, డేటాబేస్‌లో ఎక్కడేం రాయాలో అదే రాసేసుకుంటుందట. పెద్దవాళ్ళ లైను చివర ఒక గడి పెట్టాడు. అందులో పిల్ల నంబరు పడుతుంది. "ఒకే ఒక్క గడి వదినా, ఎంత శుభ్రంగా ఉందో చూడండి," అని మురిసిపోయాడు. కాగితం మీద గీసి చూపిస్తే నాకూ శుభ్రంగానే కనిపించింది.

పరీక్ష కూడా చేశాడు. తన్నీ, మా చెల్లినీ, పిల్లనీ ఎక్కించి చూశాడు. పిల్ల పేరు కొట్టగానే ఇద్దరి ముఖాలూ వచ్చాయి. ఫొటోలో నాన్న పన్ను పీకించుకోడానికి కూర్చున్నట్టున్నాడని పిల్ల పడీపడీ నవ్వింది. చిన్నోడు అప్పటికి బళ్ళో చేరలేదు కాబట్టి వాణ్ణి ఎక్కించలేదు. అనర్థమంతా ఇక్కడే ఉంది. ప్రపంచంలో ప్రతి ఇంట్లోనూ బడికెళ్ళే పిల్ల ఒక్కర్తే ఉంటుందని, తన ఇల్లు చూసి ఆ మహానుభావుడు నిర్ణయించేశాడు.

బడి తెరిచేనాటికి చిన్నోడు కూడా నర్సరీలో చేరాడు. బడి మొత్తాన్నీ పై తరగతుల నుంచి మొదలుపెట్టి నర్సరీ దాకా ఎక్కించారు. పెద్ద పిల్లకి నాన్నని కలిపి సేవ్ చేస్తే గడిలో పెద్ద పిల్ల నంబరు పడింది. తర్వాత చిన్నపిల్లాడికి అదే నాన్నని కలిపితే, అదే గడిలో పాత నంబరు చెరిగి కొత్త నంబరు పడింది. అమ్మ గడిలోనూ అంతే. కంప్యూటరు కుయ్యిమనలేదు, కయ్యిమనలేదు. మీరు చెప్పినట్టే చేశానని హాయిగా కూర్చుంది.

సాయంత్రం గంట కొట్టారు. మా వాచ్‌మన్ ఇదివరకు బ్యాంకు గేటు దగ్గర పనిచేసొచ్చినవాడు. ట్యాబ్లెట్ చేతికిచ్చాక అతని నడకే మారిపోయింది. మా మరిది ముందు చిన్నోడి పేరు చెప్తే ఇద్దరి ముఖాలూ వచ్చాయి, చిన్నోడు వాళ్ళ నాన్న భుజమెక్కేశాడు. తర్వాత పిల్ల వచ్చింది. వాచ్‌మన్ పేరు కొట్టాడు, చూశాడు, మళ్ళీ కొట్టాడు, వీధి వీధంతా వినబడేలా చెప్పాడు.

"ఈ పాపకి ఎవరూ లేరు."

"అదేంటి, నేనున్నాను కదా!" అన్నాడు మావాడు, గేటుకి అవతల నించుని.

"మీరు ఈ బాబుకి సార్. పాపకి లేరు. మీరు చేసిందే కదండీ ఇది, నేనేం సొంతంగా చెప్పట్లేదు."

పిల్ల మునివేళ్ళ మీద లేచి ట్యాబ్లెట్‌లోకి చూసింది. ఖాళీగా ఉంది. చూసి, గేటు బయట తమ్ముణ్ణి భుజమ్మీద కూర్చోబెట్టుకున్న నాన్నని చూసింది. అది ఏడ్చి ఉంటే బాగుండేది. ఏడవలేదు. ఎన్నాళ్ళుగానో వస్తుందనుకుంటున్న కబురు ఇవాళొచ్చిందన్నట్టు తలూపి, పక్కకి తప్పుకుని బ్యాగు మీద కూర్చుంది. 

అప్పటికే దాని పక్కన అలా బ్యాగుల మీద కూర్చున్న పెద్ద పిల్లలు బారులు తీరారు. తమ్ముడో చెల్లెలో ఉన్న ప్రతి పిల్లకీ అదే గతి. పెద్ద మేడమ్ వచ్చి, గడి ఖాళీగా ఉన్న పెద్దవాళ్ళెవరైనా ఉంటే కలపమంది. బడి సిబ్బంది కాబట్టి నేను అప్పటికే సేవ్ అయి ఉన్నాను. మాకు పిల్లల్లేరు కనక నా గడి ఖాళీ. మా చెల్లికి ఆ వేళకి రావడం కుదరదు, అందుకని పిల్లని నాకు కలిపారు. దాని చెయ్యి పట్టుకుని గేటు దాటించాను. ముందు మావాడూ చిన్నోడూ, వెనక నేనూ పిల్లా. అందరం ఒకే ఇంటికే, పక్కపక్క వాటాల్లోనే ఉంటాం.

ఇంటికెళ్ళాక మావాడు పిల్లని కూర్చోబెట్టి కాగితం మీద గడి గీసి చెప్పాడు. అది శ్రద్ధగా విన్నది.

"నా నంబరు చెరిపి తమ్ముడి నంబరు రాసేటప్పుడు అది నిన్నడిగిందా?"

"లేదమ్మా."

"పోనీ రాశాకైనా చెప్పిందా?"

"లేదు."

"తప్పని కూడా రాలేదా, ఎర్రగా?"

"రాలేదు. అది తప్పనుకోలేదు."

పిల్ల అర్థమైందన్నట్టు చూసి, నాన్ననే ఓదార్చింది. "పర్లేదులే నాన్నా. గేటు దగ్గర నువ్వు తమ్ముడికి. ఇంట్లో ఇద్దరికీ. సరేనా?" మా మరిది ఆ మాట విని కాగితం మడత పెట్టడం మొదలుపెట్టాడు. మడతలు ఇక పడనంత చిన్నదయ్యేదాకా పెడుతూనే ఉన్నాడు.

మర్నాడే సరిచేసేస్తారు కదా అని మీరనుకుంటారు. పెద్ద మేడమ్‌ని మీరు చూడలేదు. ఒక మనిషి ఒక పిల్లకే సరిపోతుంటే, మిగతా పిల్లల కోసం తాతలూ అత్తలూ మేనమామలూ గేటు ముందుకి రావాల్సి వచ్చింది. ఆ జనాన్ని చూసి ఆవిడ పొంగిపోయింది. "ఒక్కో పిల్లకీ ఒక్కో మనిషి, పూర్తి బాధ్యత" అని సర్క్యులర్ తీసింది. పక్క బళ్ళవాళ్ళని పిలిచి చూపించింది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే, మీ పెద్దబ్బాయికంటూ ఒక మనిషి ఉండక్కర్లేదా అని ఎదురడిగేది. వచ్చినవాళ్ళు ఉలిక్కిపడి, నిజమే సుమా అనుకుంటూ వెళ్ళిపోయేవారు.

జనం ఏదిస్తే దానికి అలవాటు పడిపోతారు, అదే నాకు ఒళ్ళు మండేది. నలుగురు పిల్లలున్న ఇంట్లో నాన్న ఒకరికి, అమ్మ ఒకరికి, నానమ్మ ఒకరికి పోగా నాలుగోవాడికి మనుషులు అయిపోయారు. పక్కింటి టైలర్ని బతిమాలి బాబాయి వరస పెట్టారు. ఆయన మెళ్ళో టేపుతో రోజూ సరిగ్గా వేళకొచ్చి నించునేవాడు, వాడికి లెక్కల్లో ఎన్నొచ్చాయని టీచర్ని నిలదీసేవాడు. ఇంకొక ముసలావిడని, ఇద్దరు మనవల్లో ఎవరికి నానమ్మవో చెప్పమ్మా అంటే, "ఆలోచించి చెప్తాను" అంది. ఆవిడ ఆలోచిస్తున్నన్నాళ్ళూ మనవలిద్దరూ వంతులేసుకుని కాళ్ళు పట్టారు. ఆవిడ చాలా నిదానంగా ఆలోచించింది. తరగతి గదుల్లో బేరాలు కూడా నడిచాయి. నీ నాన్నని నాకిస్తే నా అమ్మనిస్తానని ఒకడు, అమ్మతో పాటు రబ్బరు కూడా ఇవ్వాలని వాడి అన్న.

మా పిల్ల ఏ బేరమూ ఆడలేదు. ఇంట్లో కూడా మెల్లిమెల్లిగా గేటు పెట్టుకుంటూ వచ్చింది. బూటు లేసు ఊడితే నాన్న పక్కనే ఉన్నా, నేనొచ్చేదాకా ఆగి నా ముందు కాలు చాపేది. మార్కుల కార్డు మీద సంతకానికి నా దగ్గరికొచ్చింది. నాన్న వంగబోతే, "నువ్వు తమ్ముడిది చూడు నాన్నా" అని మర్యాదగా చెప్పేది. ఆ మర్యాద చూస్తే అతనికి ప్రాణం పోయేది.

నా సంగతీ చెప్పేస్తాను. నాకు సంతోషంగానే ఉండేది. కిటికీలోంచి చూసిన ఆ చెయ్యి ఇప్పుడు నా చేతిలో ఉంది, ఆ వాగుడంతా నాకే. సాయంత్రమయ్యేసరికి నా కాళ్ళు వాటంతటవే గేటు వైపు పోయేవి. కానీ ముందు నడిచే మా మరిది వీపు రోజూ కనబడేది. చిన్నోడు వాడు చూసిన బల్లి గురించి ఒకటే మాట తిప్పి తిప్పి చెప్తుంటే ఊకొడుతూ, వెనక పిల్ల ఏం చెప్తోందో వినబడేలా అడుగులు చిన్నవి చేసేవాడు. ఒకరోజు పిల్ల అది కనిపెట్టి, నా చెవి దగ్గర గొంతు తగ్గించింది. ఆ వీపు అక్కడే ఆగిపోయి మళ్ళీ కదిలింది. నా సంతోషం ఆ రోజుతో సరి.

"ఏమయ్యా, నీ కూతురు నీ చేతుల్లోంచి పోతుంటే ఊకొడుతూ కూర్చుంటావా?" అని కడిగేశాను.

"దారి తెలుసు వదినా. పెద్దవాళ్ళ లైన్లో గడి తీసెయ్యాలి. మధ్యలో వేరే టేబుల్ పెట్టాలి. ఈ పెద్దమనిషి, ఈ పిల్ల, ఏ వరస అని ఒక్కో చుట్టరికానికి ఒక్కో లైను. అప్పుడు ఎవరికి ఎంతమందైనా ఉండొచ్చు, ఎవరొచ్చినా ఇంకొకరు పోరు. కానీ ఓనరు ముట్టుకోవద్దన్నాడు. నడుస్తున్నదాన్ని కెలకొద్దన్నాడు."

"ఓనరు నీ పిల్లని ఎత్తుకు పెంచాడా?"

అతను దాని గురించి కూడా ఆలోచించాడు. కానీ ఈసారి ఆలోచన తొందరగా తెమిలింది. మర్నాడు తలలో దూదితో సహా తిన్నగా పెద్ద మేడమ్ గదిలోకి వెళ్ళాడు. ఏం ముంచుకొస్తుందోనని ఫైలొకటి పట్టుకుని నేనూ వెనకే దూరాను.

"మేడమ్, ఇది పద్ధతి కాదు, నా తప్పు. ఒక్క పిల్ల ఉన్న ఇంటితోనే పరీక్ష చేశాను."

"తప్పు ఇంత బాగా పనిచేస్తుందా బాబూ?" అని ఆవిడ సర్క్యులర్ వైపు చూపించింది.

"మీకెంతమంది పిల్లలు మేడమ్?"

"ముగ్గురు. ఏం?"

"మీరు ఎవరికి అమ్మ?"

ఇదేం ప్రశ్నని తోసెయ్యాల్సింది. కానీ ఆవిడకి అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పడం వృత్తి. "చిన్నవాడికి..." అని మొదలుపెట్టింది. "అంటే, పెద్దమ్మాయి రోజూ ఫోన్ చేస్తుందనుకో. నడిపివాడు పాపం ఎప్పుడూ ఏదీ అడగడు, అలాగని వాణ్ణి..."  నీళ్ళగ్లాసు తీసుకుంది, తాగకుండానే పెట్టేసింది. తర్వాత కోపమొచ్చి మా ఇద్దర్నీ గదిలోంచి పొమ్మంది. మేం తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి అంది: "ఆదివారం హాలు తాళాలు తీయిస్తాను. అందర్నీ పిలిచి ఒక్కరోజులో ముగించు."

ఆదివారం హాలు కిటకిటలాడిపోయింది. చుట్టరికాలన్నీ కొత్తగా, మొదట్నించి కలపాలి. ఈసారి మా మరిది ఒక షరతు పెట్టాడు. పెద్దవాళ్ళు తెర మీద 'సరే' నొక్కితే చాలదు, పిల్లలు కూడా నొక్కాలి. రెండువైపులా నొక్కితేనే సేవ్. అడక్కుండా ఎవరి గడీ ఎవరూ రాయకూడదన్నాడు. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు.

ఇక మీకు పని లేదు, వెళ్ళొచ్చని టైలర్‌కి చెప్తే ఆయన ముఖం మాడ్చుకున్నాడు. వాడి లెక్కలు ఎవరు చూస్తారని అడిగాడు. నాలుగోవాడు వాళ్ళ సొంత నాన్న కంటే ముందు బాబాయికే నొక్కాడు. ముసలావిడ ఇద్దరు మనవలచేతా నొక్కించుకుని ఇంటికెళ్ళింది. ఆ రోజు నుంచి కాళ్ళు పట్టే దిక్కులేదని ఇప్పటికీ బాధపడుతుంది. రోజూ అందరికంటే ఆఖర్న ఇంటికెళ్ళే పిల్లవాడొకడున్నాడు. వాడొచ్చి వాచ్‌మన్‌కి నొక్కాడు. ఏ వరస అని తెర అడిగితే వాచ్‌మన్ పెద్ద మేడమ్ వైపు చూశాడు. పెద్ద మేడమ్ ముందుకొచ్చి మామయ్య అని కొట్టమంది.

అందరూ వెళ్ళాక మేం మిగిలాం. మా పిల్ల పొద్దుట్నించీ గోడవార బెంచీ మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. మా మరిది ట్యాబ్లెట్ తెచ్చి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. 

"ఇప్పుడు నేనింకా ఎవరికీ ఏమీ కానమ్మా, ఖాళీ. నువ్వు నొక్కితేనే అవుతాను. ఇష్టం లేకపోతే మానెయ్, పెద్దమ్మ ఎలాగూ ఉంటుంది. ఏం చేసినా ఇంటికి మాత్రం కలిసే వెళ్దాం."

అది ట్యాబ్లెట్ వైపు చూసింది.  నాకే తెలీదు అది ఏం చేస్తే నాకు బాగుంటుందో.

"ముందు తమ్ముడిది," అంది.

మా మరిది ముఖం పాలిపోయింది. అయినా చిన్నోణ్ణి పిలిచాడు. వాడు జిగటజిగటగా ఉన్న వేలితో నొక్కాడు, తనూ నొక్కాడు. వాడి పేజీలో నాన్న ముఖం వచ్చింది. పిల్ల దగ్గరికి జరిగి ఆ ముఖం చూసింది. తర్వాత తన పేరు తనే కొట్టుకుంది. నాన్న నొక్కాక తనూ నొక్కింది. తెర మీద సేవ్ అయిందని వచ్చింది.

మా మరిదికి నవ్వో ఏడుపో తెలీని ముఖం పడింది. "చూడు, నీ పేజీ చూపిస్తాను," అని తెరవబోయాడు.

పిల్ల అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "నాది కాదు. తమ్ముడిది మళ్ళీ తెరువు."

తెరిచాడు. పన్ను పీకించుకునే ముఖంతో నాన్న అక్కడే ఉన్నాడు. పిల్లకి నమ్మకం కుదరలేదు. పేజీ మూసేసి తనే ఇంకోసారి తెరిచింది. ఉన్నాడు.

"పోలేదు," అంది.

ఆ పరీక్షే అతను మొదట్లో చెయ్యాల్సింది. మా మరిది ట్యాబ్లెట్ నేలమీద పెట్టేసి రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోడానికేముంది. చిన్నోడు మమ్మల్ని చూసి జడుసుకుని అక్క వెనక్కి దూరాడు.

కళ్ళు తుడుచుకుని అడిగాను. "మరి నీది చూసుకోవేమే?"

"నాది నేనే నొక్కాను కదా పెద్దమ్మా. వాడు చిన్నోడు. గేటు దగ్గర ఎవరూ లేరంటే ఏడుస్తాడు."